మూడు ఊపిర్ల గది

పాళీ 212
గాలి: సరి. తేమ: సరి. దుమ్ము: ఎప్పటిలాగే.

ఫ్యాను గది లాగ్‌బుక్కులో ఈ మూడు ముక్కలు తప్ప ఇంకేమీ రాయకూడదని మా సూపర్‌వైజరు మద్దిలేటన్న నేను పనిలో చేరిన రోజునే చెప్పాడు. అప్పటినుంచీ ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను రాస్తూనే ఉన్నాను. తిరిగే ఫ్యానును చూస్తూ కూర్చోవడం తప్ప వేరే పని లేని చోట ఒక మనిషి ఎంతసేపని నోరు మూసుకుని ఉంటుంది? పైగా ఈ పుస్తకం ఎవరూ చదవరు. చదివే నాథుడే ఉంటే, తేమ కారుతోందని నేను ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న ఆరో సొరంగానికి ఈపాటికి ఎవరో ఒకరు వచ్చి ఉండేవాళ్ళు.

ఇవాళ మాత్రం రాయాల్సిన సంగతి నిజంగానే ఉంది. పనికి బయల్దేరుతుంటే మైకులో చాటారు. ఓటరుగా పేరు నమోదు చేసుకోవడానికి ఇకమీదట ఆఫీసుకు రానక్కర్లేదట. కాగితం నింపి టపాలో పంపితే చాలట.

ఇందులో వింతేముందని ఎర్రబిళ్ళల వాళ్ళు అనుకుంటారు. ఈ చలువగుట్ట కింద బతికే జనంలో సగం మంది మెడలో ఎర్రబిళ్ళ ఉంటుంది, సగం మంది మెడలో నీలిబిళ్ళ. వాళ్ళు ఇళ్ళల్లో ఉన్నప్పుడు మేం పనిలో ఉంటాం. వాళ్ళు పనికి దిగితే మేం ఇళ్ళకు చేరతాం. ఓటర్ల ఆఫీసు తెరిచేది ఎర్రబిళ్ళలు ఇళ్ళల్లో ఉండే పాళీలో. ఆ వేళ మా బిళ్ళకు ఆఫీసు వైపు తలుపులు తెరుచుకోవు. మేం ఇల్లు చేరేసరికి ఆఫీసుకు తాళం పడుతుంది. ఓటు వేయొద్దని మమ్మల్ని ఎవరూ అనలేదు. రమ్మనే అన్నారు, రాలేని వేళకు రమ్మన్నారు, అంతే. జనం గుట్ట కిందికి దిగిన నాటినుంచీ ఓటర్ల జాబితాలో ఒక్క నీలిబిళ్ళ పేరు ఎక్కలేదు.

చాటింపు విని మా అమ్మ సుంకులమ్మ చెప్పులు వేసుకోబోతూ ఆగింది.

"పైనున్నప్పుడు నేను ఓటేసినా మే," అంది. "వేలికి సిరా పూసిరి. ఆ మరక పోకముందే గెల్చినోడు పార్టీ మారిపాయ."

"మరి ఇప్పుడు వేస్తావా?"

"ఎయ్యకేం. ఈసారి గెల్చినోడు యాడికి మారతాడు? అందరం గుట్ట కిందనే కదా ఉండేది."

పాళీ 213
గాలి: సరి. తేమ: ఆరో సొరంగంలో కారుతోంది, మళ్ళీ రాస్తున్నాను. దుమ్ము: సరి.

ఇంట్లో ఉండేది నేనూ అమ్మా ఇద్దరమే. రెండు దరఖాస్తులూ నిన్ననే నింపేశాను. అమ్మ పుట్టిన తేదీ దగ్గర పేచీ వచ్చింది. చెనిక్కాయలు పీకే రోజుల్లో పుట్టానంటుంది తప్ప తేదీ చెప్పదు. బిళ్ళ మీద ఏముంటే అదే ఎక్కించి, కాగితాలు డబ్బీలో పెట్టి గోడలోని టపా గొట్టంలో వేశాను. డబ్బీ సుయ్యిమని పోయింది.

నా తొందరకు కారణం ఉంది. నెలాఖరు దాటగానే ఒక తీర్మానం మీద ఓటు పెడుతున్నారు. గదులు చాలడం లేదు కాబట్టి నీలిబిళ్ళల కాపురాలన్నిటినీ పైమట్టానికి మార్చాలని ఆ తీర్మానం. అప్పుడు ఈ కింది గదులు రెండు పాళీలూ ఎర్రబిళ్ళలకే సొంతమవుతాయి. పైమట్టం అంటే ఎండ తగిలే రాయికి ఆనుకుని ఉన్న వరస. గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఇప్పుడక్కడ మిరపకాయలు ఆరబోస్తున్నారు. మిరపకాయలు ఎండే చోట మనుషులు ఎండకుండా ఎలా ఉంటారో తీర్మానంలో రాయలేదు.

అమ్మకు ఇప్పటికే రెండుసార్లు వడదెబ్బ తగిలింది. ఇంకోసారి తగిలితే తన చేతుల్లో ఏమీ లేదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. అందుకని పైమట్టం మాట ఎత్తినప్పుడల్లా నాకు గదులూ వరసలూ కళ్ళముందుకు రావు, అమ్మ వస్తుంది. నాకు భయంగా ఉంది. మేం ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో మేం తప్ప మిగతావాళ్ళందరూ కలిసి తేల్చబోతున్నారు. మా పేర్లు జాబితాలోకి ఎక్కితే కథ వేరుగా ఉంటుంది. మేమూ ఊళ్ళో సగం మందిమి కదా.

నమోదు పద్ధతి తేలికే. ముఖాలూ గొంతులూ ఎవరు పడితే వాళ్ళు తయారు చేసుకోవడం మొదలైన నాటినుంచీ తెర మీద కనిపించేదాన్ని చలువగుట్టలో ఎవరూ నమ్మరు. నమ్మేది చెమట కాగితాన్ని. దరఖాస్తు అందగానే ఆఫీసువాళ్ళు చెమట కాగితంతో చేసిన కార్డు ఒకటి ఇంటికి పంపుతారు. దాని మీద బొటనవేలు నొక్కి తిరిగి గొట్టంలో వేయాలి. బిళ్ళలు ఇచ్చినప్పుడే అందరి చెమటా తీసి ఉంచారు కాబట్టి నొక్కిందెవరో కాగితమే చెబుతుంది. నెలాఖరులోగా కార్డు వెనక్కి చేరితే పేరు జాబితాలోకి ఎక్కినట్టే.

"ఇంతేనా?" అంది అమ్మ.

"ఇంతే."

"ఇంత సుళువుగుండాదంటే యాడో ఒగచోట మెలిక ఉంటాది."

మా అమ్మది వట్టి అనుమానం. ఆ గుణం నాకు రాలేదని చెప్పను.

పాళీ 218
గాలి: సరి. తేమ: సరి. దుమ్ము: కొంచెం ఎక్కువ.

కార్డులు ఇంకా రాలేదు. వస్తాయిలే అని మద్దిలేటన్న రెండుసార్లు అన్నాడు. మూడోసారి అడిగేసరికి ఫ్యానుకు దుమ్ము ఆపే జాలీ తుడవమని పంపించాడు.

జాలీ తుడుస్తూ మాబున్ని గురించి ఆలోచించాను. గుట్ట కింద ఒక్కో గదికి రెండు కాపురాలు. మా గదిలో ఎర్రబిళ్ళల పాళీ షేక్ మాబున్నిది, ఆమె భర్త దస్తగిరిది. ఇన్నేళ్ళుగా ఒకే పొయ్యి, ఒకే మంచం, ఒకే దండెం. కానీ ఆమెను నేను ఒక్కసారి కూడా చూడలేదు. పాళీ మార్పిడి గంట మోగగానే వాళ్ళు ముందు తలుపున పోతారు, గదిని ఖాళీగా ఉంచి గాలి మారుస్తారు, తరవాత వెనక తలుపున మేం వస్తాం. మాది మూడు ఊపిర్ల గది. ముగ్గురికి సరిపడే గాలే వదులుతారు. నాలుగో మనిషి లోపల ఉంటే తలుపు మీది దీపం ఎర్రబడుతుంది.

మనిషిని చూడలేదన్న మాటే గాని ఆమె నాకు బాగా తెలుసు. దుప్పటి మడిస్తే అంచుకు అంచు కలవాల్సిందే. నేనైతే చుట్టి పడేస్తాను. కూరలో వెల్లుల్లి ఒక రెబ్బ ఎక్కువ వేస్తుంది. గోడ నాపరాయి కాబట్టి దాని మీదే సుద్దముక్కతో కబుర్లు రాసుకుంటాం. ఎవరు పెద్దో తెలియక నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది.

గదికి ఒక మర్యాద ఉంది. ఎవరూ చెప్పి నేర్పలేదు, అందరికీ తెలుసు. సగం పని మిగిలి కనిపిస్తే వచ్చినవాళ్ళు పూర్తి చేయాలి. గంట మోగేసరికి పప్పు సగమే ఉడికితే మిగతా సగం వచ్చినవాళ్ళు ఉడికిస్తారు. తడిబట్టలుంటే ఆరేస్తారు. ఒకసారి చిరిగిన రవికెకు సూది గుచ్చి మరిచిపోయి పనికి వచ్చేశాను. తిరిగి వెళ్ళేసరికి కుట్టి ఉంది, నా కుట్టు కన్నా బాగుంది. బియ్యం రసీదు వచ్చినా, నీళ్ళ రసీదు వచ్చినా గదిలో ఉన్నవాళ్ళే వేలు నొక్కి పంపేస్తారు. ఇక పోయేటప్పుడు అవతలివాళ్ళ కోసం ఒక గిన్నెలో కూర పెట్టి మూత వేసి పోవాలి. ఇన్నేళ్ళలో ఆ గిన్నె ఖాళీగా ఉన్న పాళీ లేదు.

నిన్న ఆమె పెట్టింది పుట్టగొడుగుల పులుసు. వెల్లుల్లి ఎక్కువే.

పాళీ 226
గాలి: తెలియదు. తేమ: తెలియదు. చూడలేదు.

మద్దిలేటన్నా, ఇవాళ తిట్టాలనుకుంటే తిట్టుకో.

ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నా కార్డు మీద ఉన్న చెమట నాది కాదట. షేక్ మాబున్నిదట. అందుకని నా నమోదు చెల్లదట. అమ్మ కార్డు మీద దస్తగిరి చెమట ఉందట. అదీ చెల్లదట.

కార్డు వచ్చిన సంగతే నాకు తెలియదు. ఆఫీసువాళ్ళు టపా వేసేది వాళ్ళ పనివేళలో కదా, అప్పుడు గదిలో ఉండేది మాబున్ని. వచ్చిన కార్డులు తీసుకుని, తమ వేళ్ళు నొక్కి, తిరిగి పంపేశారు మొగుడూ పెళ్ళామూ. పనిలోకి వచ్చి చూస్తే అందరి చేతుల్లోనూ ఇవే నోటీసులు. ఒక్క మా వరసలోనే ఎన్ని కాపురాలకు వచ్చాయో లెక్క తేలడం లేదు.

"కూడబలుక్కోని చేసినారు," అని జాలీలు కుట్టే లింగమ్మ అంది. "మనం పైకి పోతే గది మొత్తం వాళ్ళకే కదా. ఎవురికి చేదు?"

ఆ మాట నా మనసులోకి అప్పటికే వచ్చింది. రెండు పాళీలూ తన గదిలోనే పడుకోవచ్చు, తన పొయ్యి మీద తను వండుకోవచ్చు, నా చుట్టిపడేసిన దుప్పటి మళ్ళీ మడవక్కర్లేదు. అలాంటి ఆశ నాకు వచ్చి ఉంటే నేనేం చేసేదాన్నో నాకే తెలియదు. నా కోపం మాత్రం మా అమ్మ ప్రాణం దగ్గర మొదలైంది, ఇక ఏ తర్కానికీ లొంగలేదు.

పనికి వచ్చే ముందు గిన్నె కడిగాను. కూర పెట్టలేదు. బోర్లించి వచ్చాను. అమ్మ గిన్నె వైపోసారి, నా వైపోసారి చూసి చెప్పులు వేసుకుంది.

పాళీ 227
గాలి: సరి. తేమ: సరి. దుమ్ము: సరి.

ఇంటికి వెళ్ళేసరికి పొయ్యి పక్కన ఒకటి కాదు, రెండు గిన్నెలున్నాయి. ఒకదాంట్లో మెత్తగా చేసిన రాగిసంగటి, ఇంకోదాంట్లో పలచని పప్పుకట్టు. గోడ మీద ఆమె రాత ఎప్పటికన్నా ఎక్కువ ఉంది. అక్షరం అక్షరం గుర్తుంది, రాస్తున్నాను.

"గిన్నె బోర్లించి ఉండాది. అమ్మకు ఒంట్లో బాగలేదా అక్కా? వంట చేసే టైము దొరికినట్లు లేదు. సంగటి మెత్తగా చేసినా, తినిపీ. మీ ఓటు కార్డులు వచ్చింటే, గడువు దగ్గరికొచ్చిందని ఆ పొద్దే ఏలు నొక్కి పంపిచ్చినాము. నీది నేను, అమ్మది ఈయన. దాని గురించి దిగులు పడొద్దు. ఏమో తెలీదు, నిన్న నా ఓటు, ఈయన ఓటు గూడా ఆపినామని నోటీసు వచ్చె. ఒగరు రెండుసార్లు నొక్కినారంట. ఎందుకో అర్థం కాలేదు. నీకేమన్నా తెలుసునా?"

నేను మంచం మీద కూలబడ్డాను. ముందు నవ్వొచ్చింది. తరవాత ఏడుపొచ్చింది. సిగ్గు అన్నిటికన్నా ఆఖరున వచ్చింది, వచ్చి అక్కడే కూర్చుంది. రవికె కుట్టినట్టే కుట్టింది ఆమె. బియ్యం రసీదు మీద నొక్కినట్టే నొక్కింది. గదికి వచ్చిన పని కాబట్టి గదిలో ఉన్నవాళ్ళ వేలు. ఒక్క మాబున్ని కాదు, ఎర్రబిళ్ళల ఇళ్ళన్నిటిలోనూ అదే మర్యాద, అదే పొరపాటు. మాకు మేలు చేయబోయి తమ ఓట్లు కూడా పోగొట్టుకున్నారు.

"గిన్నె బోర్లించిందానివి నువ్వే, ఇప్పుడు సంగటి నువ్వే తింటాండావు," అంది అమ్మ.

"నాకు తెలీదు కదమ్మా."

"తెలీకపోతే అడగాల. గోడ ఉండాది, సుద్ద ఉండాది."

సుద్దముక్క అరిగేదాకా రాశాను. ఆ కార్డు మీద ఎవరి చెమట వాళ్ళదే ఉండాలని, దాన్ని మాత్రం ఒకరి బదులు ఒకరు నొక్కకూడదని రాశాను. గిన్నె సంగతి కూడా దాచకుండా రాశాను. చివర క్షమించు అక్కా అని రాయడానికి గోడ మీద చోటు లేక తలుపు మీద రాశాను.

పాళీ 229
గాలి: సరి. తేమ: సరి. దుమ్ము: ఎక్కువ.

మాబున్ని ఓటర్ల ఆఫీసుకు వెళ్ళి వచ్చింది. ఆమె ఇంటి పాళీలోనే కదా ఆఫీసు తెరిచి ఉండేది. అక్కడ హేమలత మేడం అని అధికారి ఉందట. మంచి మనిషేనట, కుర్చీ వేయించి మొత్తం విందట. దిద్దుబాటు కాగితాలు రెండు ఇచ్చింది. ఒకదాని మీద నేనూ మాబున్నీ, రెండోదాని మీద అమ్మా దస్తగిరీ వేళ్ళు నొక్కాలి. ఒకరి చెమట ఆరకముందే రెండోవాళ్ళ చెమట పడాలి, రెండు కాగితాలూ ఒకేసారి ఆ గదిలోంచే గొట్టంలో వేయాలి. అప్పుడు ఇద్దరి తప్పూ కొట్టేసి, మాకు కొత్త కార్డులు పంపుతారు, వాళ్ళ ఓట్లు వాళ్ళకు తిరిగిస్తారు.

గోడ మీద కింద ఇంకో వాక్యం ఉంది. "మీరు నలుగురూ ఒగే గదిలో ఎట్ల ఉంటారమ్మా, కుదిరేది కాదు గదా అని మేడమే అనె. అనుకుంటానే కాగితాలు ఇచ్చె."

కుదరదన్నది నాకన్నా బాగా ఎవరికి తెలుసు? వెనక తలుపు మార్పిడికి ఒక్కసారే తెరుచుకుంటుంది, ఒకరు నొక్కి పోయాక ఇంకొకరు వచ్చే వీల్లేదు. నాలుగో ఊపిరి పడగానే తలుపు మీది దీపమే కాదు, ఈ ఫ్యాను గదిలో మా గది నంబరు మీది దీపం కూడా ఎర్రబడుతుంది. ఎర్రబడితే ఆ గది గాలి మూత మూసేయాలని రూలు. ఉక్క పుడితే ఎక్కువైనవాళ్ళు వాళ్ళే బయటికొస్తారని. మూత మూసేది నేనే. నేను చేరిన కొత్తలో ఒక పెళ్ళివారింటి మూత మూశాను. జనం బయటికి రాగానే తెరిచాను. ఆ పెళ్ళికూతురు ఇప్పటికీ నాతో మాట్లాడదు.

ఇదంతా గోడ మీద రాసి, వద్దులే అక్కా, అమ్మకు ఉక్క పనికిరాదు, ఇంకేదైనా దారి చూద్దాం అన్నాను. మాబున్ని జవాబు ఒక్క ముక్క.

"ఎల్లుండి మార్పిడి గంట మోగినా మేం బయటికి పోము. మీరు వచ్చేయండి."

ఆ ముక్క మా ఒక్క గోడ మీదే లేదు. ఇవాళ పనిలో లింగమ్మ తనింటి గోడ మీదా అదే రాసి ఉందని చెప్పింది. మొన్న కూడబలుక్కున్నారని అన్నది ఆవిడే. ఇవాళ నిజంగానే కూడబలుక్కున్నారు.

మద్దిలేటన్నకు చెప్పబోయాను. చెవులు మూసుకున్నాడు.

"నాకేం చెప్పొద్దు చౌడమ్మా. ఇన్నానంటే రాయాల. రాసినానంటే పైకి పంపాల." ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు. "ఎల్లుండి మార్పిడప్పుడు నేనే ఉంటాలే ఈడ. నువ్వు ఇంటికి పో."

పాళీ 232
గాలి: సరి. ఈ మాట ఇంత ఇష్టంగా నేనెప్పుడూ రాయలేదు.

నిన్న పని దిగగానే అమ్మను పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. వరసంతా మావాళ్ళే, ఎవరి తలుపు దగ్గర వాళ్ళు. నీకు ఉక్క పడదు, ఇప్పటికైనా వద్దనుకుందామంటే అమ్మ వినలేదు.

"నా ఓటు నా చెమటతోనే అని నువ్వే అంటివి కదా," అంది.

తలుపు తెరుచుకుంది. పొయ్యి పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. నేను ఇన్నేళ్ళూ మాబున్నిని లావుగా, పొట్టిగా, గలగలా మాట్లాడే మనిషిగా ఊహించుకున్నాను. ఆమె వెదురుకర్రలా సన్నగా, పొడుగ్గా ఉంది. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఊహలో నేనెలా ఉండేదాన్నో గాని, నిరాశ పడినట్టయితే కనిపించలేదు.

దీపం ఎర్రబడింది. హారను మోగడం మొదలైంది. మా గదిదే కాదు, వరసంతా ఒకదాని వెనక ఒకటి మోగాయి.

"ఏమ్మే, ఇంత సన్నగుండావు," అంది అమ్మ ఆ మోతలోనే. "మా పిల్ల వండేదేనా నువ్వు తినేది?"

"తింటానే ఉన్నామ్మా," అంది మాబున్ని. "ఉప్పు తక్కువ, అంతే."

కాగితాలు పీట మీద పరిచాం. ముందు అమ్మ, దస్తగిరి నొక్కారు. ఉక్క అప్పుడే తెలుస్తోంది. అమ్మ మొహం ఎర్రబారింది, ఊపిరి పొట్టిగా తీస్తోంది. నా చెవులు రెండూ పైన గాలి మూత దగ్గరే ఉన్నాయి. మూత పడితే ఆ సుయ్యిమనే చప్పుడు ఆగిపోతుంది. నేను ఎందరికి ఆపానో ఆ చప్పుడు, నాకు ఆగితే ఎలా ఉంటుందో నిన్న తెలిసింది. దస్తగిరి అన్నం తినే పళ్ళెం తీసుకుని అమ్మకు విసురుతూ నిలబడ్డాడు. నా వేలు చెమటకు పక్కకు జారబోతే మాబున్ని నా మణికట్టు పట్టుకుంది, పట్టుకుని ఠక్కున వదిలేసింది.

"నేను ముట్టుకోను. నువ్వే నొక్కు," అంది.

నొక్కాను. దాని పక్కనే ఆమె నొక్కింది. కాగితం రెండు మచ్చలనూ పీల్చుకుని నీలం రంగుకు తిరిగింది. రెండు కాగితాలూ డబ్బీలో పెట్టి గొట్టంలో వేసేదాకా పైన ఆ సుయ్యిమనే చప్పుడు ఆగలేదు. గాలి వస్తూనే ఉంది.

వాళ్ళు ముందు తలుపున బయటికి పోతూ పోతూ ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా, ఇన్నేళ్ళకు కలిసినవాళ్ళం. మాబున్ని గడప మీద ఆగి వెనక్కి తిరిగింది.

"పప్పు సగమే ఉడికింది అక్కా. సూసుకో," అని వెళ్ళిపోయింది.

అమ్మను పడుకోబెట్టి తడిగుడ్డ వేశాను. కాసేపటికి ఆమే లేచి, మాడు వాసన వస్తోందని పప్పు దించింది. అప్పుడు నేను లేచి పళ్ళేలు పెట్టాను.

ఇవాళ పనికి వచ్చి చూస్తే మద్దిలేటన్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మనిషి మాత్రం హాయిగా ఉన్నాడు. నిన్న మా దీపాల పలకంతా మిరపపండ్లలా ఎర్రబడిందని అవతలి ఫ్యాను గదివాళ్ళు చెప్పారు.

"నువ్వు మూతలు మూయలేదేం అన్నా?"

"కళ్ళద్దాలు యాడనో పెట్టి మర్చిపోతి. దీపాలు ఎర్రగుండాయో పచ్చగుండాయో నాకెట్ల తెలుస్తాది?"

కళ్ళద్దాలు ఆయన నుదుటి మీదే ఉన్నాయి. పుస్తకం తిప్పి చూశాను. నిన్నటి పేజీలో ఆయన చేతిరాత: గాలి సరి, తేమ సరి, దుమ్ము సరి.

పాళీ 238
గాలి: సరి. తేమ: ఆరో సొరంగంలో అలాగే ఉంది. దుమ్ము: సరి.

నిన్నటితో గడువు ఆఖరు. మొన్నటిదాకా కొత్త కార్డులు రాలేదు. లింగమ్మవాళ్ళకు వచ్చాయి, నొక్కారు, పంపారు. మా గొట్టం మాత్రం వెళ్ళినప్పుడల్లా ఖాళీ. నిన్న ఇంటికి నడవలేదు, పరిగెత్తాను. వెనక తలుపు తెరిచి నేరుగా గొట్టం మూతి దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టి తడిమాను. ఖాళీ.

"రాలేదా?" అంది అమ్మ.

ఇంత చేసి, హారన్లు మోగించి, ఒకరి మొహాలు ఒకరం చూసుకుని, చివరికి ఆఫీసువాళ్ళ బద్ధకం మీద అమ్మ పైమట్టానికి ఎక్కుతుందన్నమాట. గోడకు చేరగిలబడ్డాను. అమ్మే నా కోసం పళ్ళెం తీసి, కూర వడ్డిద్దామని పొయ్యి పక్కన గిన్నె మూత ఎత్తింది.

"చౌడీ, ఇట్రా," అంది.

గిన్నెలో కూర లేదు. కింద శుభ్రమైన గుడ్డ పరిచి ఉంది, దాని మీద టపా డబ్బీ. ఆఫీసు సీలు సీలుగానే ఉంది. వచ్చిన డబ్బీ మూత కూడా తీయకుండా, ఎవరి కంటా పడకుండా, గదిలో అన్నిటికన్నా భద్రమైన చోట పెట్టిపోయింది. నేను ముందుగా చూసేది గిన్నెనే అనుకుంది పాపం. గోడ మీద రాసింది:

"ఈ పని నీది అక్కా. నేను ముట్టుకోలేదు. ఇంత పనిని అట్లనే ఇడిచి పోయింది నా జన్మలో ఇదే మొదలు. చెయ్యి ఊరుకోలేదు, ఈయన పట్టుకోని బయటికి లాక్కపోయినాడు. కూర పెట్టలేదు, కోపగించుకోవద్దు."

సీలు విప్పాను. రెండు కార్డులు. అమ్మ తన వేలు చీరకొంగుకు తుడుచుకోబోతే ఆపాను, చెమట ఉండాలని. అమ్మ నొక్కింది. నేను నొక్కాను. కార్డులు నీలానికి తిరిగాయి. గొట్టంలో వేశాను. ఆఫీసుకు తాళం పడినా కార్డులు చూసే యంత్రం ఆగదు కాబట్టి, కాసేపటికే రసీదు చీటీలు గొట్టంలోంచి కింద పడ్డాయి. పేర్లు నమోదైనవి. సుంకులమ్మ, చౌడమ్మ.

అమ్మ తన చీటీని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. తరవాత వేలు చూసుకుంది.

"మరక పడలేదు మే," అంది.

నిన్న కూర లేకుండా ఊరిమిండి పచ్చడితో అన్నం తిన్నాం. ఎంత తిన్నానో తెలియలేదు.

పాళీ 251
గాలి: సరి. తేమ: సరి. ఆరో సొరంగానికి మనుషులు వచ్చారు, నమ్మండి. దుమ్ము: సరి.

ఓటు కూడా టపాలోనే వేశాం. అటుమొన్న మైకులో చెప్పారు. పైమట్టం తీర్మానం వీగిపోయింది. మిరపకాయలు ఎక్కడున్నవి అక్కడే ఎండుతాయి, మేం ఎక్కడున్నవాళ్ళం అక్కడే ఉంటాం. మద్దిలేటన్న ఫ్యానుకు పసుపు కుంకుమ పెట్టాడు. నేను సొరంగం చివరికి వెళ్ళి ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చి వచ్చాను. నెలకు పైగా గుండె మీద ఎవరో కూర్చున్నట్టుండేది. లేచిపోయారు.

తీర్మానం వీగిపోవడానికి మా ఓట్లొక్కటే చాలవని లెక్కల్లో తేలింది. ఎర్రబిళ్ళల్లో చాలామంది వద్దనే వేశారు. అది నాకు అంతుపట్టలేదు. మొన్న ఇంటి నుంచి వచ్చేటప్పుడు గోడ మీద అడిగాను. అక్కా, గది మొత్తం నీకే వచ్చేది కదా, ఎందుకు వద్దన్నావు అని.

జవాబు నిన్న చదివాను. పొయ్యి మీద ఏదో కుతకుతమంటోంది, గరిటె అందులోనే ఉంది.

"నువ్వు పైకి పోతే ఈ పప్పు ఎవరు దించుతారు అక్కా?"

దించాను. ఉప్పు నేనే వేశాను, ఈసారి సరిపోయింది.